గుమ్మడి తీగను ఒకసారి కోసి చూడమ్మా

బంగారు తల్లీ, బోటనీ ల్యాబులో రెడీమేడ్ స్లైడ్లే చూపిస్తున్నారనీ, ఫోన్లో ఫొటో తీసుకుని రికార్డులో బొమ్మ గీసేస్తున్నామనీ మొన్న చెప్పావు. నిన్నేమీ అనను. మేము పాఠాలు చెప్పిన రోజుల్లోనే బొమ్మ చక్కగా ఉంటే మార్కులు వేసేశాం, కోత ఎవరు కోశారని అడగలేదు. ఆ లోటు మాది.

గుమ్మడి కాండాన్ని నీ చేత్తో కోసి చూడు. బ్లేడు తడిపి, వెలుతురు దాటిపోయేంత పల్చగా కోయాలి. రంగు వేయకముందు ఏ కణం ఏదో పోల్చుకోలేవు. సాఫ్రనిన్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, ఎక్కువైన రంగును ఆల్కహాల్‌తో కడిగి, ఫాస్ట్ గ్రీన్‌లో కొద్ది సెకన్లు ముంచితే లిగ్నిన్ పట్టిన గోడలు ఎర్రగా, సెల్యులోజు గోడలు ఆకుపచ్చగా విడివడతాయి. ఎర్రటి దారువుకు బయటా లోపలా, రెండువైపులా ఆకుపచ్చని పోషక కణజాలం! బైకొలేటరల్ అని బట్టీపట్టావే, అదే ఇది. నేర్పంతా కడగడంలోనే ఉందమ్మా. తక్కువ కడిగితే అంతా ఎరుపే, ఎక్కువ కడిగితే దారువూ వెలిసిపోతుంది. ఎక్కడ ఆపాలో కంటికి అలవాటు కావాలి.

లిగ్నిన్ ఒక్కటే చూడాలంటే ఫ్లోరోగ్లూసినాల్ చుక్క, దానిపై గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క చాలు. వచ్చే ఎరుపు ఎక్కువసేపు నిలవదు, వెంటనే చూసి గీసుకో. కవర్‌స్లిప్ మరవకు, ఆ ఆమ్లం ఆవిరి లెన్సుకు మంచిది కాదు. నీ చేతులూ కళ్ళూ చల్లగా ఉండాలి తల్లీ, జాగ్రత్త.

ఇంత బెంగ ఎందుకంటావా? మూలికల చూర్ణం చేతికొస్తే అందులో ఆకూ ఉండదు, పువ్వూ ఉండదు. మిగిలేవి నారలు, రాతికణాలు, పిండి రేణువులు. వాటికి రంగు వేసి పోల్చుకోగలిగిన వాళ్ళే అది అసలు మూలికో కాదో తేలుస్తారు. మిరియాల పొడిలో బొప్పాయి గింజలు కలిపారనుకో. మిరియం లోపలంతా పిండి, అయోడిన్ చుక్క తగిలితే నల్లటి నీలమవుతుంది. బొప్పాయి గింజలో ఉండేది ముఖ్యంగా నూనె, అది అలా నీలమవదు. ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతే రేపు మన వంటింటికీ మందులపెట్టెకూ కాపలా ఎవరమ్మా?

సెలవులకు రా, పెరట్లో గుమ్మడి పాదు ఉంది. లేత కొస వద్దు, అక్కడ లిగ్నిన్ ఇంకా సరిగా పట్టి ఉండదు. కాస్త ముదిరిన తీగలో కణుపుల మధ్య కోయి. మొదటి కోతలు మందంగా వచ్చినా పారేయకు, అంచున ఎక్కడో ఒకచోట పల్చగానే ఉంటుంది, అక్కడ చూడు.

నిండు నూరేళ్ళు వర్ధిల్లు,
మీ తాతయ్య