నిలిచి ఉన్న చెట్ల రక్షణపై తీర్మానం

మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధులతో కూడిన ఈ ఉమ్మడి సభ, పెరుగుతున్న పట్టణాల్లో చెట్లకు మిగిలిన చోటు గురించి చర్చించి ఈ తీర్మానం చేస్తున్నది.

మన రెండు పట్టణాలూ చల్క నేలల మీద, రాతి గుట్టల నడుమ ఉన్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. గడ్డపార వేస్తే రెండడుగుల్లో రాయి తగిలే చోట్లు ఎన్నో. ఇలాంటి నేలలో వేప గానీ, చింత గానీ పదిమందికి నీడనిచ్చేంత ఎదగాలంటే ఒక తరం పడుతుంది. దాన్ని కొట్టేయడానికి మిషన్ రంపంతో ఒక పూట చాలు. మహబూబ్‌నగర్ 2025లో నగరపాలక సంస్థ అయింది. నల్లగొండ చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఈ పెరుగుదలకు మేము అడ్డు చెప్పడం లేదు. రోడ్డు కావాలి, మోరీ కావాలి, కరెంటు కావాలి. ఏ పని మొదలైనా ముందు చెట్టే పోవాలన్న అలవాటును మాత్రం ఒప్పుకోము.

చెట్టు పోతే ఎక్కువ నష్టపోయేది ఎవరో ఈ సభ గుర్తు చేస్తున్నది. పొద్దున్నే అడ్డా మీద పని కోసం నిలబడే కూలీలు, తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునేవాళ్లు, ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టేవాళ్లు, చంటిపిల్లను ఎత్తుకొని బస్సు కోసం చూసే తల్లులు. వీళ్లకు ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నీడ తప్ప వేరే దిక్కు లేదు. అప్పన్నపల్లి అడవిలో 2,087 ఎకరాల అర్బన్ పార్కు ఉండటం మహబూబ్‌నగర్‌కు గర్వకారణమే. కానీ ఊరి అంచున ఉన్న అడవి బస్టాపు దగ్గర నిలబడ్డ మనిషికి నీడ ఇవ్వదు. కనుక నల్లా నీళ్లు, వీధి దీపం లాగే వీధి నీడ కూడా పట్టణం తన ప్రజలకు సమకూర్చవలసిన సౌకర్యమని ఈ సభ ప్రకటిస్తున్నది.

చెట్టును కాపాడటం సాధ్యమేనని చూపడానికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మన కళ్ల ముందే ఉంది. సుమారు 700 ఏళ్ల వయసున్నదని చెప్పే ఆ మర్రి మూడు నాలుగు ఎకరాల్లో పరుచుకొని ఉంది. ఏళ్ల తరబడి జనం దాని కొమ్మలెక్కారు, ఊడలు పట్టుకొని ఊగారు, బెరడు మీద పేర్లు చెక్కారు. లోపల చెదలు తొలుస్తుంటే చాలాకాలం పట్టించుకోలేదు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడ్డాక గానీ సందర్శకులను ఆపలేదు. 2018లో అటవీ సిబ్బంది చెదల మందును నీళ్లలో కలిపి సెలైన్ సీసాల్లో నింపారు; కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద ఆనుకోవడానికి దిమ్మెలు కట్టారు. లేత ఊడలు నేలను అందుకునేలా వాటిని మట్టి నింపిన గొట్టాల్లోంచి దింపారు. మందు ఎక్కించారు కాబట్టే, ఓపికగా సాకారు కాబట్టే ఆ చెట్టు నిలిచింది. ఆ శ్రమపడ్డ సిబ్బందికి ఈ సభ ధన్యవాదాలు తెలుపుతున్నది. పేరున్న చెట్టు కాబట్టి దానికి ఆ వైద్యం అందింది. మన వీధుల్లోని వేపలకు, రావిచెట్లకు సెలైన్ పెట్టేవారెవరూ లేరు.

వీధి చెట్టును చంపుతున్నది గొడ్డలి ఒక్కటే కాదు. సీసీ రోడ్డు వేసేటప్పుడు మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా కాంక్రీటు పోస్తున్నారు. చెట్టు లావెక్కేకొద్దీ ఆ సిమెంటు అంచు బెరడులోకి దిగుతుంది. కురిసిన వాన వేరుకు చేరకుండా మోరీలోకి పోతుంది. ఆ పైన ఫ్లెక్సీల కోసం మేకులు, దీపాల తీగల చుట్లు, మొదట్లో చెత్త తగలబెట్టడం. ఇంతా చేశాక గాలివానకు చెట్టు పడితే అది ప్రమాదకరమని పక్క చెట్టునూ కొట్టేస్తారు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. అదే కొలత మన రెండు పట్టణాల్లోనూ అమలు చేయాలని, కొత్తగా వేసే ప్రతి రోడ్డు పని అంచనాలోనే దాన్ని రాయాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు చిగుళ్ల నుంచి ఎండిపోయాయి. శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు అది. చచ్చిపోయాయనుకున్న చెట్లు ఎన్నో మళ్లీ చిగురించాయి. కాబట్టి ఎండినట్టు కనిపించిన చెట్టును అటవీ సిబ్బంది పరీక్షించకుండా, కనీసం ఒక వానాకాలం చూడకుండా కొట్టరాదు.

2015లో మొదలైన హరితహారం వల్ల ఊరూరా నర్సరీలు వచ్చాయి. అది మంచి పని. అయితే నాటిన లెక్క వేరు, బతికిన లెక్క వేరు. 2019 నాటి మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నది, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను వార్డు స్థాయిలోనే పెట్టింది. ఆ లెక్కను వార్డులవారీగా, మూడు వేసవులు దాటి నిలిచిన మొక్కల సంఖ్యతో ఏటా ప్రజల ముందు పెట్టాలి. నర్సరీల్లో పెంచవద్దని ప్రభుత్వమే చెప్పిన కోనోకార్పస్ స్థానంలో వేప, కానుగ, నేరేడు, చింత నాటాలి. కరెంటు తీగల కింద పొట్టి జాతులు, ఖాళీ స్థలాల్లో మర్రి, రావి పెట్టాలి.

రోడ్ల వెడల్పు విషయంలో చేవెళ్ల దారిలోని సుమారు 900 మర్రిచెట్ల కోసం జరిగిన న్యాయపోరాటాన్ని ఈ సభ గౌరవిస్తున్నది. ప్రయాణికుల ప్రాణాలు, చెట్ల ప్రాణాలు రెండూ కాపాడే దారి నక్షా గీసే రోజే వెతకాలి. టెండరు పిలిచాక కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేనిదే చెట్టు కొట్టరాదు. అనుమతి కోసం దరఖాస్తు వచ్చిన వెంటనే కాలనీలో నోటీసు అంటించి, అభ్యంతరాలు విన్నాకే నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాము.

మా వంతుగా ప్రతి కాలనీ సంఘం తన వీధుల్లోని పెద్ద చెట్ల జాబితా రాసిపెట్టి, మేకులు పీకించి, వేసవిలో లేత మొక్కలకు నీళ్లు పోసే బాధ్యత ఇంటింటికీ పంచుతుంది. ఇంటి ముందు చెట్టును ఆకులు రాలుతున్నాయని కొట్టించే సభ్యుడిని సంఘం పిలిచి అడుగుతుంది.

ఈ తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతులను రెండు జిల్లాల కలెక్టర్లకు, పురపాలక కమిషనర్లకు, జిల్లా అటవీ అధికారులకు, విద్యుత్, రోడ్లు భవనాల శాఖల అధికారులకు పంపాలని నిర్ణయించడమైనది.