పెరటి మడియు, పిల్లల చదువును

దసరా సెలవులు ముగిసి బడి తెరచునప్పటికి మన పావగడ సీమలో ఎండ వాడి తగ్గును. హస్త, చిత్త కార్తెల వానలు పడిన పడును, లేకున్న లేదు. చలి మాత్రము తప్పక వచ్చును. వర్షము విషయమున మన తాలూకా ఎంత పేదదో, చలికాలపు నెలల విషయమున అంత భాగ్యవంతమైనదని మా అభిప్రాయము. కార్తికము మొదలు మాఘము వరకు పగటి ఎండ మొక్కకు హాయిగా నుండును. రాత్రి చల్లదనము నేల తడిని త్వరగా ఆరనీయదు. ముల్లంగి, మెంతి, కొత్తిమీర, పాలకూర, క్యారెట్టు, నూకోలు, క్యాబేజి మొదలగునవి వేసవిలో ఏడ్చి ఈ నాలుగు నెలలలో నవ్వునట్టి కూరలు. ఇట్టి కాలము ఏటేట వచ్చి పోవుచుండగా మన ఇండ్ల పెరళ్ళు పిచ్చితుమ్మకును, ప్లాస్టిక్ సంచులకును నిలయములై యుండుట మాకు సమ్మతము కాదు. మా మతమున మన విద్యార్థులు ప్రతి ఒక్కరును ఈ చలికాలమున తమ ఇంట ఒక చిన్న మడి వేయవలెను. అదియు నారు కొని తెచ్చి కాదు, విత్తు నుండియే.

తల్లిదండ్రులలో కొందరు దీని నొప్పరని మే మెరుగుదుము. "మేము మన్ను పిసికి పడిన అగచాట్లు చాలు అయ్యవారూ, వాడన్నా మన్ను ముట్టకుండా బతకనీండి" అని ఒక తండ్రి మాతో అనెను. ఆ మాట వెనుక నున్న దుఃఖము కొట్టివేయదగినది కాదు. వేరుసెనగ వేసి, వాన రాక, విత్తనపు కాయల అప్పు తీరక, బోరు మీద బోరు త్రవ్వించి, తుదకు బెంగళూరికి కూలికి పోయినవారిని మనమందరమును ఎరుగుదుము. తిరుమణి, బలసముద్రము మొదలగు ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములు నేడు సౌరవిద్యుత్తు పలకలకు ఇయ్యబడినవి. 2018లో ప్రారంభమైన ఆ కేంద్రమునకు భూమిని అమ్మక గుత్తకిచ్చి ఏటేట రొక్కము పొందుచున్న రైతులను మేము తప్పు పట్టము. కరవులో నేలను నమ్మి చెడినవాడు నేలకు దూరము కాగోరుట సహజమే.

కాని పెరడు చేను కాదు. చేను అప్పు తెచ్చును, పెరడు తేదు. చేనికి మబ్బు కరుణింపవలెను; పెరటి మడికి బిందెడు నీరు చాలును. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల నిడుపు గల మడికి చలికాలమున దినమునకు పది లీటర్లకు మించి పట్టదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు పారబోయక ఒక బక్కెటలో చేర్చినచో నలుగురున్న ఇంట అందులో చాల భాగము అక్కడనే సమకూరును. సబ్బు నీరు మాత్రము ఆకుకూరలకు పోయరాదు. దానిని అరటికో, కొబ్బరికో మళ్ళింపవలెను.

ఇక మన భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చుగా నుండుట అందరు నెరిగినదే. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగదగినది కాదు. దానికి మొదటి మందు మంచి నీరే గాని మెంతికూర కాదు. అట్లని మేము బుకాయింపము. అయినను కాల్షియము, సి విటమిను గల ఆహారము తినువారిలో ఫ్లోరైడు బాధ కొంత తగ్గునని వైద్యులు చెప్పుదురు. ఆకుకూర సంతనాడు మాత్రమే వండుకొను ఇంటికిని, వారమున నాలుగు దినములు పెరటినుండి కోసుకొను ఇంటికిని భేదము లేదనగలమా?

నారు కొనక విత్తే ఏల వేయవలెనని మీరడుగవచ్చును. మొదటి కారణము, కొన్ని కూరలకు నారు పనికిరాదు. ముల్లంగిని గాని క్యారెట్టును గాని పెరికి నాటినచో వేరు చీలి కోతికాలు వలె వంకరలు పోవును. అవి విత్తిన చోటనే పెరుగవలెను. మెంతి, కొత్తిమీరలకు నారు పోయువా డెవ్వడును లేడు. రెండవ కారణము మాకు ముఖ్యమైనది. కొని తెచ్చిన నారుతో పిల్లవాని పరిచయము కథ నడుమ నుండి మొదలగును. విత్తు వేసినవాడు మాత్రము ఆదినుండి చూచును. మెంతి మూడు నాలుగు దినములకే మన్ను పగులగొట్టుకొని వచ్చును. ముల్లంగికి ఐదారు దినములు. కొత్తిమీరకు వారము దాటును. క్యారెట్టునకు ఒక్కొకసారి రెండు వారములును పట్టును. ఏమియు కనిపింపని మన్నునకు పదునాలుగు దినములు నీరు చల్లుచుండుట యెంత కష్టమో పదమూడేండ్ల పిల్లవానికి చెప్పి తెలుపలేము; వానిచేత చేయింపవలెను.

విత్తనములకు డబ్బు లేదను మాట వినరాదు. ధనియాలు, మెంతులు, ఆవాలు పోపుల డబ్బాలోనే యున్నవి. పాతబడనివైనచో చక్కగా మొలచును. ధనియమును అట్లే వేయక అరచేత నలిపి రెండు బద్దలు చేయవలెను, ఏలనగా మనము గింజ యనుకొనునది నిజముగా రెండు విత్తులు కలిసిన కాయ. పాలకూర గింజను రాత్రి నానవేసిన మేలు. క్యారెట్టు విత్తనము నలుసంత యుండును గనుక పిడికెడు ఇసుకలో కలిపి చల్లవలెను. విత్తును దాని మందమునకు రెండు మూడింతలకంటె లోతున పాతరాదు. మన పిల్లలు మెంతిని సైతము వ్రేలెడు లోతున పాతి, మొలువలేదని విత్తును నిందింతురు.

తోటపని పుస్తకములు మడిని ఎత్తుగా కట్టుమని చెప్పును. అవి వానలు హెచ్చుగా గల సీమలకు వ్రాసినవి. మనకు నేలకంటె నాలుగంగుళములు లోతుగా, చుట్టు గట్టు గల మడియే తగును. పోసిన నీరు ఎచ్చటికిని పోదు. విత్తిన పిమ్మట పలుచగా రాగిగడ్డి పరచి, మొలక కనిపించిన నాడే తీసివేయవలెను. మొక్క జానెడైన తరువాత వరుసల నడుమ సెనక్కాయల పొట్టు పరచినచో తడి నిలుచును. ఆ పొట్టునకు మన తాలూకాలో కొదువ లేదు గదా. చీమలు గింజలు మోసికొని పోకుండ గట్టు చుట్టు బూడిద చల్లుట మన అవ్వలెరిగిన ఉపాయము. మేకలకు ముండ్లకంప తప్ప మరియొక ఉపాయము మాకు తెలియదు.

పిల్లలకు అన్నిటికంటె కష్టమైన పని పలుచన చేయుట. ముల్లంగి ఒత్తుగా మొలచినప్పుడు జానెడు దూరమున కొక్కటి యుంచి తక్కినవి పెరికివేయవలెను. మొలిపించిన చేతితోనే పెరుకుటకు పసివారి మనస్సు ఒప్పదు. పెరుకకున్న ఒక్కటియు దుంప పట్టదు. పెరికిన లేత ఆకును పారవేయ నక్కర లేదు, పప్పులో వేసి వండవచ్చును.

విత్తు ఒకటి వేసిన చెట్టొకటి మొలచునా అను సామెత మన మందరము పలికెదము. అంగడిలో ఎఫ్-1 అని అచ్చువేసిన పొట్లములోని విత్తు విషయమున ఈ సామెత సగమే నిజము: మొదటి పంట చెప్పినట్లు వచ్చును, దాని గింజ తీసి మరల వేసిన తల్లిని పోలని మొక్కలు పెక్కు వచ్చును. అందుచే పిల్లలు విత్తు కట్టుకొనదలచిన సంకరము కాని రకములను కొనవలెను. బెంగళూరు చెంత హెసరఘట్టలో 1967లో నెలకొన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు అర్క నిశాంత్ అను ముల్లంగిని, పలుమార్లు కోయదగిన అర్క అనుపమ అను పాలకూరను వెలువరించిరి. క్యారెట్టుది వింత కథ. విదేశపు క్యారెట్టును, క్యాబేజిని ఎంత పోషించినను అవి మన సీమలో పూయవు. వాటికి గట్టి చలి తగిలినగాని పూత రాదు. అందుకే వాటి విత్తనము హిమాలయములలోని కులూ లోయ వంటి చోట్ల పండును. మన ఎండ దేశమునందును పూచి గింజ కట్టు క్యారెట్టు కూడ ఒకటి కలదు. హెసరఘట్ట వారి అర్క సూరజ్ అట్టిది. ఒక క్యారెట్టును పెరుకక వదలి, అది గొడుగు వంటి పూత నెత్తుట చూచినవాడు జీవశాస్త్రపు పాఠమును బట్టీ పెట్ట నవసరము లేదు. పొట్లములోని గింజలకు ఎరుపో నీలమో రంగు పూసి యున్న అది మందు పట్టించినదని గ్రహించి, పసిపిల్లలకు అందనీయక, చేతులు కడుగుకొనవలెను.

చలికాలపు కూరలందు మనకు మిక్కిలి ప్రియమైనది అనపకాయ, కన్నడిగుల అవరె. దానిని ఆషాఢ శ్రావణములలోనే కంచె ప్రక్క వేయవలెను గనుక ఈ యేటికి ఆలస్యమైనది. అయినను దాని గుణము చెప్పక విడువలేము. నాటు అనప ముందు వేసినను వెనుక వేసినను పగలు కురుచయైన పిమ్మటనే పూయును, అందుచే సంక్రాంతికి ఊరంతయు ఒక్కసారి కాయను. నానబెట్టి తోలు పితికిన ఆ పప్పు పులుసు రుచి తెలియనివారు ఈ పత్రిక చదువువారిలో నుండరు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు పగటి నిడివితో పని లేక ఏ కాలమునందైనను కాచు హెచ్.ఎ.-3, హెచ్.ఎ.-4 రకములను సాధించిరి. రైతునకు అవి మేలే. ఆ సంక్రాంతి సువాసన మాత్రము నాటు కాయదే అని మా పక్షపాతము.

మేము తెలుగు చెప్పువారము. ఈ సంగతులు మీకేల అని కొందరనవచ్చును. పొరుగు రాష్ట్రమున శిక్షణము పొందు కాలమున మాకొక వినోదము జరిగినది. కోస్తా జిల్లాల సహాధ్యాయులకు ఆనపకాయ యనగా సొరకాయ. మాకు అనపకాయ యనగా అవరె. ఒకే భాష మాటాడుచు ఇరువురమును వేరువేరు కూరలు తలంచుకొంటిమి. మాటకు అర్థము నిఘంటువులో కంటె పెరటిలో ముందు స్థిరపడునని అప్పుడు మాకు తోచినది. నేడు మన తరగతిలో "నారు పోసినవాడు నీరు పోయడా" అను సామెతకు భావము అడిగిన, చక్కగా అప్పగింతురు. నారు ఎట్లుండునో చూచినవారు చేతులెత్తుడనిన సగము చేతులు లేవవు. మడి, పాదు, మోసు, మారాకు, గొప్పు త్రవ్వుట అను మాటలు పరీక్షకు అర్థము నేర్చికొను మాటలైనవి. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును గల మన పిల్లలకు రెండు భాషలును పెరటిలో చుట్టములై కనిపించును: మనము విత్తెదము, వారు బిత్తెదరు; మన మొలక వారి మొళకె. మన సంఖ్య తక్కువయిన చోట భాష నిలుపుటకు బడిలోని గంటలు మాత్రమే చాలవు. తల్లి బిడ్డను పెరటిలో నిలిపి "దీనికి మారాకు వచ్చింది చూడు" అని చూపిన ఆ మాట వాని నోట నిలుచును.

2019లో కేంద్రప్రభుత్వము బడులలో పోషక తోటలు వేయుటకు మార్గదర్శకములు వెలువరించినది. మంచి పనియే. కాని బడితోటకు సెలవులలో నీరు పోయువా రుండరు, అందరిదైనది ఎవరిదియు కాకపోవుటయు కద్దు. పరీక్షలకు అడ్డమను వాదమునకు మా సమాధానము చిన్నది: మడికి దినమునకు పావుగంట పట్టును. చేతి ఫోనునకు ఎంత పట్టుచున్నదో తల్లిదండ్రులు లెక్క చూచుకొందురు గాక.

అక్టోబరు రెండవ వారమున చిత్తయు, నాలుగవ వారమున స్వాతియు ప్రవేశించును. మొదట మెంతియు ముల్లంగియు వేసి, పదునైదు దినములకు మరల కొంచెము వేయుచున్న ఒక్కసారి పండి ముదిరిపోవు బాధ యుండదు. పెరడు లేక అద్దె ఇండ్ల నుండువారు సిమెంటు సంచులను కడిగి, సగమునకు మడచి, అడుగున నాలుగు రంధ్రములు చేసి, పశువుల యెరువు కలిపిన మన్ను నింపుకొనవచ్చును. మెంతికి నాలుగంగుళముల మన్ను చాలును. ముల్లంగికి అడుగు లోతు కావలెను. సంచిని ఉదయపు ఎండ తగులు గోడ ప్రక్క నుంచవలెను. కోళ్ళున్న ఇంట మొదటి పది దినములు దానిపై పాత చీర కప్పి కట్టవలెను.