మానేశాడా అంటారు... ఎట్లా చూశారని అడగరు!

మద్యం మాన్పించే కేంద్రం నుంచి మనిషి ఇంటికొస్తే ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న. ‘ఏమప్పా, మానేసినట్లేనా?’ అదే ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాణ్నయితే ‘డాక్టరు బాగా చూశాడా, నర్సులు పలికారా?’ అని ఆరా తీస్తాం. తాగుడుకి వైద్యం చేయించుకున్నవాణ్ని మాత్రం ఆ మాట అడగం. జబ్బుతో వెళ్లొచ్చినవాడిలా కాదు, శిక్ష పూర్తిచేసుకుని వచ్చినవాడిలా చూస్తాం.

అడగకపోతే ఏం నష్టం? చాలా ఉంది. కర్ణాటక సరిహద్దులోని అమరాపురం మండలాన్నే తీసుకోండి. వైద్యం కోసం మడకశిరకో, హిందూపురానికో, పెద్ద సమస్యయితే బెంగళూరు నిమ్హాన్స్‌కో పోవాలి. ఇద్దరి కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అంత కష్టపడి వెళ్లిన మనిషికి అక్కడ అవమానం జరిగితే మళ్లీ ఆ గడప తొక్కడు. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. అప్పుడు ‘పద, మళ్లీ పోదాం’ అనిపించడమే సగం వైద్యం.

అసలు వైద్యం దాకా వెళ్లేవాళ్లే తక్కువ. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఎయిమ్స్ నిపుణులు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యం వల్ల ఇబ్బందులు పడుతూ సాయం అవసరమైనవాళ్లు సుమారు 5.7 కోట్లని అది లెక్కగట్టింది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందట. ఆ ఒక్కరినీ పోగొట్టుకుంటే ఎలా?

రోగి మనసులోని మాటనీ కొలవొచ్చు. లండన్ పరిశోధకులు 2000లో ఇందుకోసమే 10 ప్రశ్నల పట్టీ ప్రచురించారు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. నాకు ఎలాంటి సాయం కావాలో సిబ్బందికి అర్థమైందా, మాట్లాడాలనుకున్నప్పుడు ఎవరైనా దొరికారా, నా వైద్యం గురించి తీసుకున్న నిర్ణయాలు నాకు చెప్పారా... ఇలా ఉంటాయి. కొన్ని వాక్యాలు ‘ఇక్కడి నియమాలు కొన్ని నాకు నచ్చలేదు’ అన్నట్టు తిరగేసి ఉంటాయి. అన్నిటికీ కళ్లు మూసుకుని ‘అవును’ అనేస్తే దొరికిపోతుందన్నమాట.

అయితే ఎవరు అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. వైద్యం చేసినవాళ్లే ఎదుట కూర్చుని ‘బాగుందా?’ అంటే ‘బాగుంది సార్’ అనే వస్తుంది. పేరు రాయనక్కర్లేకుండా బయటివాళ్లు అడగాలి. చదవలేనివాళ్లకి చదివి వినిపించాలి. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే చోట రోగి ఇంట్లో మాట్లాడే భాషలోనే అడగాలి. మధ్యలో వెళ్లిపోయినవాళ్లనీ వెతికి అడగాలి. చివరిదాకా ఉన్నవాళ్లనే అడిగితే ఎక్కడైనా మార్కులు బాగానే వస్తాయి.

రోగి సంతోషపడ్డంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదనే మాటా నిజమే. చూసీచూడనట్టు వదిలేసే చోటా మార్కులు పడొచ్చు. అందుకే తాగుడు తగ్గిందా అన్నదీ, మనిషిని మనిషిలా చూశారా అన్నదీ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

చట్టం కూడా రోగి పక్షానే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. బలవంతంగా గుండు గీయడాన్ని నిషేధించింది. సేవల్లో లోపముంటే ఫిర్యాదు చేసే హక్కునీ ఇచ్చింది. కానీ ఎవరూ అడగని చోట ఎవరు నోరు విప్పుతారు?

కాబట్టి మొదట అడగాల్సింది ఇంట్లోవాళ్లే. మనిషి తేరుకున్నాక, కోపతాపాల్లేని వేళ చూసుకుని నాలుగు ముక్కలు అడగండి. నీ మాట విన్నారా? మందులెందుకో చెప్పారా? చెయ్యి చేసుకోవడం, తిట్టడం లాంటివి జరిగాయా? మళ్లీ అవసరమైతే అక్కడికే వెళ్తావా?

చివరి ప్రశ్నకి ‘వెళ్తాను’ అంటే మంచి చోటికే పంపారని ధైర్యపడొచ్చు. ‘చచ్చినా పోను’ అంటే మాత్రం మొండితనమని కొట్టిపారేయకండి. ఎందుకో అడగండి. వేరే చోటు వెతకాలంటే కేంద్రప్రభుత్వ ఉచిత సహాయవాణి 14446 ఉంది. జబ్బు తిరగబెట్టిన రోజున ఆ మనిషి ఏ దారి పడతాడో ఈ సంభాషణే తేల్చవచ్చు.