రేవు దిగడమే కాదు, తప్పుకోవడమూ తెలియాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు ఊళ్లలో ఏ ఒక్కటీ కృష్ణ ఒడ్డున లేదు. అయినా పండగొచ్చినా, ఇంట్లో ఎవరైనా కాలం చేసినా, ఆదివారం పిల్లలు మారాం చేసినా బండి అటే తిరుగుతుంది. మిర్యాలగూడ వాళ్లకు మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి ఉంది. కోదాడ, సూర్యాపేట వాళ్లు హుజూర్‌నగర్ మీదుగా మట్టపల్లి వెళ్తారు. లాంచీ ఎక్కాలనుకుంటే నాగార్జునసాగర్. ఈ రేవులకు వెళ్లొచ్చిన వాళ్లు చెప్పే ఫిర్యాదులు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి: మెట్ల మీద చెత్త, నీళ్లలో గాజు పెంకులు, దారికి అడ్డంగా కార్లు, పడవ దగ్గర తోపులాట. చెత్తకు పంచాయతీని, కార్లకు పోలీసులను, తోపులాటకు పడవ వాళ్లను తిట్టుకుని ఇంటికొస్తాం. నిజానికి వీటన్నిటికీ మూలం ఒకటే. రేవు అనేది వచ్చి, పని చూసుకుని, వెళ్లిపోయే చోటు. దాన్ని మనం మకాం పెట్టే చోటుగా మార్చుకున్నాం.

రేవు ఎంత ఇరుకైనదో గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు. మట్టపల్లికి దిగువన కృష్ణ మీద ఉన్న పులిచింతల ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 175 అడుగులు, నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. మట్టపల్లి దాని వెనుక జలాల ఒడ్డునే ఉంది. ప్రాజెక్టు నిండితే కింది మెట్లు మునుగుతాయి. నీళ్లు తగ్గితే మెట్లు దాటి బురదలో నడవాలి. అందువల్ల ఎన్ని మెట్లు కట్టినా, ఏ రోజైనా నీళ్లను ఆనుకుని పనికొచ్చేవి రెండో మూడో. స్నానానికి దిగే ముసలివాళ్లు, అస్థికలు కలపడానికొచ్చిన కుటుంబం, దీపం వదలాలనుకునే ఆడవాళ్లు, వల దించే మత్స్యకారులు, పడవెక్కే పిల్లలు అందరూ ఆ రెండు మూడు మెట్ల మీదుగానే రావాలి. అక్కడ ఒక కుటుంబం అవసరానికి మించి పావుగంట నిలబడితే, ఆ పావుగంట వెనుక ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడుతుంది.

ఇప్పుడు రేవులో మనం చేసే పనులు చూడండి. నీళ్ల అంచుకు వచ్చాక సంచి విప్పి, పసుపూ కుంకుమా వెతుక్కుంటాం. గట్టు మీదే కట్టుకుని రావాల్సిన తువ్వాలు మెట్టు మీద మార్చుకుంటాం. స్నానమయ్యాక అక్కడే నిలబడి ఫోటోలు దిగుతాం. పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంట, కెమెరా వాళ్లతో సహా మెట్లను సొంతం చేసుకుంటుంది. వాలు మీదుగా ట్రాక్టరును నీళ్లలోకి దింపి కడుగుతుంటే ఆయిలు తెట్టు స్నానాల వైపు వస్తుంది. మత్స్యకారుడి పుట్టిని పక్కకు నెట్టి, ఆరేసిన వల మీద కూర్చునేవాళ్లున్నారు. సాయంత్రం తాగిన సీసా అక్కడే పగిలితే, తెల్లవారి వట్టి కాళ్లతో దిగే మనిషికి గుచ్చుకుంటుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు. రేవులో మర్యాద తప్పేది ఎక్కువగా తన పని అయిపోయినవాడూ, పనికి సిద్ధం కాకుండానే దిగినవాడూ. ఇద్దరికీ వెనుక నిలబడ్డ మనిషి కనబడడు.

ఇది చిన్న చిరాకు, సర్దుకుపోవాలి అనే మాట వినబడుతుంది. ప్రాణం పోయినప్పుడు మాత్రమే అది చిన్నది కాదని ఒప్పుకుంటాం. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు, రాజమహేంద్రవరంలో ఒకే ఘాట్ దగ్గర పోగుపడిన జనం ఒక్కసారి కదలడంతో తొక్కిసలాట జరిగి కనీసం 27 మంది చనిపోయారు. అక్కడి తప్పు జనానిది కాదు, ఏర్పాట్లది. కానీ వచ్చేవారికీ వెళ్లేవారికీ దారి లేకపోతే నీటి అంచు ఎంత ప్రమాదకరమో అది చూపించింది. 2017 నవంబరు 12న, కార్తిక మాసపు ఆదివారం, విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం దగ్గర, కృష్ణ మీది పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా మునిగిపోయారు. వాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. ఎవరు ఎక్కుతున్నారో, ఎంతమంది ఎక్కుతున్నారో చూసి, జాకెట్టు తొడిగి, చాలు అని ఆపాల్సింది ఒడ్డు మీదే. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు మీదపడే రేవులో ఆ పని ఎవరి తరమూ కాదు.

సౌకర్యాలు లేనప్పుడు జనాన్ని అనడం ఏం న్యాయం అని అడిగేవారున్నారు. చెత్తబుట్ట లేదు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది లేదు, రాత్రి దీపం లేదు. అది నిజమే, అడగాల్సిందే. గది లేని చోట తడిబట్టలతో మెట్టు మీద ఇబ్బంది పడే స్త్రీని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ సీసా పగలగొట్టకుండా ఉండటానికి ఏ గదీ అక్కర్లేదు. నిండు సంచి మోసుకొచ్చిన చేతికి ఖాళీ సంచి బరువు కాదు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు ఇదే జనం వరసలో దిగారు, వరసలో ఎక్కారు. పక్కన ఒక పోలీసో, ఒక వలంటీరో నిలబడి ‘అయ్యా, అయిందిగా, పైకి రండి’ అంటే చాలింది. పన్నెండు రోజులు చేయగలిగిన పని మిగతా రోజుల్లో చేయలేకపోవడానికి కారణం మన స్వభావం కాదు, అడిగే మనిషి లేకపోవడం.

భక్తి విషయంలో నియమాలేమిటన్నది మరో అభ్యంతరం. నది అన్నిటినీ తీసుకుంటుందని నమ్మేవారి నమ్మకాన్ని గౌరవించాలి. అయితే ఆకు దొన్నెలో దీపం వదలడం ఆచారం. పూలను ప్లాస్టిక్ కవరుతో సహా విసరడం ఆచారం కాదు, తీరిక లేకపోవడం. కట్టుబట్టలను నదిలో వదిలేస్తే అవి మోక్షానికి పోవు, పడవ మోటారు రెక్కలకు చుట్టుకుంటాయి. ఇక సరదాకు వచ్చినవారి హక్కు మాటకొస్తే, పక్కనే ఒక కొడుకు తండ్రి అస్థికలు కలుపుతున్నప్పుడు పాటల పెట్టె గొంతు తగ్గించడం హక్కు పోగొట్టుకోవడం కాదు.

అధికారుల వైపు అసలు చిక్కు సరిహద్దులది. 2016 పుష్కరాలప్పుడు ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా విడిపోయింది. ఇప్పుడు వాడపల్లి నల్లగొండది, మట్టపల్లి సూర్యాపేటది, ఎదుటి ఒడ్డు పల్నాడుది. దీంతో రేవు ఎవరిదన్న ప్రశ్నకు ఎవరికి వారు పక్కవారిని చూపించడం తేలికైంది. చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. బండ్లను గట్టు మీదే ఆపేయాలి. వాలులో దిగే దారి ఒకటి, ఎక్కే దారి ఒకటి అని సున్నంతో గీత గీయాలి. పడవ నడిపే ఒప్పందంలోనే, మనుషులను లెక్కపెట్టి ఎక్కించే మనిషిని పెట్టాలన్న షరతు ఉండాలి. పండగ రోజుల్లో ఆ పనికి కూలి ఇచ్చి, నది తెలిసిన మత్స్యకారుల కుటుంబాల వారినే నిలబెట్టాలి.

2028లో కృష్ణకు మళ్లీ పుష్కరాలు. అప్పుడు కోట్లు పెట్టి కొత్త మెట్లు కడతారు. మనం మారకపోతే ఆ మెట్లు కూడా ఇరుకే అవుతాయి. అందుకే ఈసారి నదికి వెళ్లేటప్పుడు గట్టు మీదే సిద్ధమై దిగండి, పని కాగానే మెట్టు వదలండి, తెచ్చిన సంచిని తిరిగి తీసుకెళ్లండి.