గండికోట గాదె

కాలేజీలో రాయలకాలం పాఠం వచ్చినప్పుడల్లా కోటలనూ బురుజులనూ ఘనంగా వర్ణిస్తుంటాను. మొన్న ఫాల్గుణంలో ఒక విద్యార్థి లేచి, "గండికోట చూసినారా సార్?" అని అడిగాడు. ఇన్నేళ్ళు కడప జిల్లాలో ఉండి చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఆదివారమే బయలుదేరాను.

జమ్మలమడుగు నుంచి కోటకు సుమారు 15 కిలోమీటర్లు. శనగ కోసేసిన నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. దారి పొడుగునా చెట్టునీడ కరువు. ఎడారి చూడాలంటే రాజస్థానం దాకా పోనక్కరలేదనిపించింది. ఆ ఎండలోనే ఎర్రమల కొండమీద ఎర్రరాతి గోడలు లేచి నిలబడ్డాయి.

కోట పాడుపడిందన్న మాటేగాని, లోపల ఊరున్నది. ద్వారం దాటగానే మేకలు, గడ్డివాములు, నీళ్ళబిందెలు. ఆ ఊరి పక్కనే మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు. గుడి గోపురం దూరానికే కనబడుతుంది. గర్భగుడిలో మాత్రం స్వామి లేడు.

వచ్చిన జనమంతా నేరుగా లోయ దగ్గరికే పోతున్నారు. పెన్నానది కొండను నిలువునా కోసిన ఆ గండివల్లనే కోటకు ఈ పేరు. దాన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చి మురిసిపోతున్నారు. నేనూ తొంగిచూశాను. కళ్ళు తిరిగి వెనక్కు వచ్చాను.

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో అతన్ని చూడటానికి టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. ఆ నవాబు కాలివేళ్ళ సందుల్లోనూ చేతివేళ్ళ సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పేవాడట! ఫిరంగులు పోయడానికి గుళ్ళలోని రాగి విగ్రహాలను కరిగించారనీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ కూడా ఆయనే వ్రాశాడు.

ఇవన్నీ నెమరువేసుకుంటూ మసీదు పక్కనున్న ధాన్యాగారంలోకి వెళ్ళాను. ఎంత గాదె! రాతి కమానుల కింద చల్లగా ఉన్నది. గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉన్నది.

"అందరూ లోయకాడికి పోతే నువ్వు ఈడికొచ్చినావేం నాయనా?"

"ఈ గాదె చూద్దామని అమ్మా."

"చూడాల్సింది ఇదే. వాన తప్పితే ఫిరంగి పెడతాదా కూడు?"

ధాతు కరువును తలుచుకునే సీమలో ఇంతకు మించిన చరిత్రపాఠం నేను చెప్పగలనా?

మాటల్లో ఆమె ఆడబిడ్డ ఊరు తాళ్లప్రొద్దుటూరని తెలిసింది. కొత్తకాలపు గాదె ఒకటి ఆ పక్కనే ఉన్నది, గండికోట జలాశయం. శ్రీశైలంనుంచి వచ్చే కృష్ణ నీళ్ళు అందులో చేరతాయి. నిండితే సుమారు 27 టి.ఎం.సి.లు. 2020లో ఆ నీళ్ళు తాళ్లప్రొద్దుటూరులోకి వచ్చేశాయి.

"నీళ్ళు వద్దని ఈ సీమలో పుట్టినోళ్ళు ఎవురంటారు నాయనా? రావల్సిందే. కానీ మా ఆడబిడ్డ ఇప్పటికీ నిద్దట్లో లేసి, ఆ ఇంటి గడపకు పసుపు రాయాలంటాది" అని కొంగుతో కళ్ళొత్తుకున్నది.

నాకు జవాబు తోచలేదు.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్నల్ మెకంజీ, కావలి సోదరులవంటి వారిని పెట్టుకుని, మన ఊళ్ళ కథలన్నీ కైఫీయతులుగా వ్రాయించాడు. గండికోటకూ కైఫీయతు ఉన్నది. ఫిరంగులతో పోయిన కోట కథ కాగితం మీద నిలిచింది. మరి నీళ్ళకు ఊరిచ్చిన వాళ్ళ కథో?

సోమవారం తరగతిలో అడిగాను. ముంపు ఊళ్ళలో బంధువులున్నవారు నలుగురు చేతులెత్తారు. ఏ వీధిలో ఎవరుండేవారు, ఏ అమ్మవారికి ఏ నెలలో జాతర, ఏ బావినీళ్ళు తియ్యన, అన్నీ పెద్దవాళ్ళనడిగి వ్రాసుకురమ్మన్నాను. "పరీక్షకు వస్తుందా సార్?" అన్నాడు వెనక బెంచీవాడు.

రాదన్నాను. అయినా నలుగురూ నోటుపుస్తకాలు తీశారు.