వెన్నెముక శస్త్రచికిత్స: సంతకానికి ముందు
పెద్దవారిలో తీవ్రంగా వంగిన వెన్నును సరిచేసే శస్త్రచికిత్సల్లో ముప్పు ఎంతో స్కోలి-రిస్క్-1 అంతర్జాతీయ అధ్యయనం అంకెల్లో చూపింది: 272 మంది రోగుల్లో దాదాపు 22 శాతం ఆసుపత్రి విడిచేనాటికి కాళ్ల సత్తువ కొంత కోల్పోయారు, ఆరు నెలల తర్వాత కూడా సుమారు 11 శాతం మంది మునుపటి సత్తువకు చేరలేదు. ఆరితేరిన సర్జన్ల చేతుల్లో వచ్చిన ఫలితాలివి. కడ్డీలు విరగడం, ఎముక అతుక్కోకపోవడం, మళ్లీ ఆపరేషన్ చేయాల్సిరావడం వీటికి అదనం. ఇలాంటి చికిత్సకు ముందురోజు రాత్రి, చదవని ఇంగ్లిషు కాగితంపై పెట్టించుకున్న సంతకాన్ని సమ్మతి అనడం అన్యాయం. సమీరా కోహ్లీ కేసులో 2008లో మన సుప్రీంకోర్టు ప్రత్యామ్నాయాలను, గణనీయమైన ముప్పులను రోగికి చెప్పితీరాలంది. ఎంత చెప్పాలన్న కొలతను మాత్రం ప్రధానంగా వైద్యుల ఆనవాయితీకే వదిలింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015 నాటి మోంట్‌గోమరీ తీర్పుతో ఆ కొలతను రోగి వైపు తిప్పింది. మనమూ అటే నడవాలి. ఏళ్ల తరబడి నొప్పితో కుంగిన మనిషికి నిటారుగా నిలబడతారన్న ఒక్క మాటే చెవికెక్కుతుంది. మిగతావి వినిపించాలంటే ఓపిక కావాలి, వ్యవధి కావాలి. ఇవి చాలావరకు అత్యవసర ఆపరేషన్లు కావు కనుక వ్యవధి లేదనే వీలు లేదు. సర్జనే స్వయంగా, రోగి భాషలో, తన ఆసుపత్రి ఫలితాలతో సహా వివరించాలి. ఆపరేషన్ వద్దనుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆ వివరాల పత్రం ఇంటికిచ్చి, కనీసం వారం గడిచాకే సంతకం తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన తేవాలి.