విమానమెక్కిన కొడుకు, వెట్టికి పోయిన కొడుకు

ఇద్రీస్ హసన్ లతీఫ్ పేరు మన వాడల్లో ఎంతమందికి తెలుసు? 1923లో హైదరాబాదులో పుట్టిండు. తండ్రి నిజాం సర్కారులో చీఫ్ ఇంజనీరు. కొడుకు నిజాం కాలేజీల చదివి, 1942 జనవరిలో, పంతొమ్మిదేండ్లు నిండకముందే వైమానిక దళంలో ఆఫీసరయిండు. బర్మా యుద్ధంలో జపాను సైన్యం మీద కొట్లాడిండు. 1947లో పాకిస్తాన్ పోయే దారి ఉన్నా పోలేదు. 1978లో భారత వైమానిక దళాధిపతి అయిండు. ముస్లింల దేశభక్తికి దినాం పరీక్షలు పెట్టేటోళ్లు ఈ పేరు యాదికి పెట్టుకోవాలె.

ఆయన మీద మాకు కోపం లేదు. ప్రాణానికి తెగించినోడు తెగించినోడే. మా ప్రశ్న వేరు. అదే ఏడు సూర్యాపేట తాలూకాలో పుట్టిన మాదిగ పిలగాడు పద్దెనిమిదేండ్లకు యాడున్నడు?

దొర గడీ ముందర ఉన్నడు. చెప్పులు, మోట తొండాలు కుట్టి ఊరికే ఇచ్చిండు. దొర చిట్టీ పట్టుకొని ఊరూరికి ఉరికిండు. పలక మాత్రం పట్టలే. భాగ్యరెడ్డివర్మ మనోళ్లకు బడులు పెట్టింది పట్నంల. అవి కోదాడ, మిర్యాలగూడ దాంక రాలే. ఇంగ్లీషు ముక్క రానోనికి విమానం ఎవడు అప్పజెప్తడు?

అయినా ఆ యుద్ధానికి మనోళ్లు కట్టాల్సింది కట్టిన్రు. ఆంగ్లేయుల విమానాలకు నిజాం సొమ్మిచ్చిండు. వాళ్ల 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అని పేరు, నిజాం తలపాగా గుర్తు. 1940లో ఇంగ్లండు మీద, తర్వాత బర్మాలో దాని స్పిట్‌ఫైర్లు ఎగిరినయి. నిజాం చెమటోడ్చి సంపాదించిండా ఆ సొమ్ము? లెవీ పేరుతో ఊడ్చుకపోయిన గింజలకు నాట్లేసింది, కోసింది, మోసింది ఎవరు? ఆ లెవీ మీద, వెట్టి మీదనే 1946లో నల్లగొండ తిరగబడ్డది.

పటాలంల చోటంటే ఏందో అంబేద్కర్‌కు ఇంట్లోనే తెలుసు. తండ్రి రాంజీ సుబేదారు, సైన్యం బడిలో పంతులు. ఆ జీతం, ఆ చదువు లేకుంటే కొడుకు బడి మొఖం చూసెటోడా? అందుకే మనోళ్లను సైన్యంలో చేర్చుకోవాలని ఆయన పట్టుబట్టిండు. 1941లో మహార్ రెజిమెంటు లేచింది.

సంఘాలకు మా మనవి. మీ వాడల తొంభై దాటిన తాతనో అవ్వనో మిగిలుంటే పక్కన కూసొని అడుగున్రి. లెవీ నాడు ఇంట్ల ఏం తిన్నరు? ఎవరన్న పటాలంల చేరిన్రా? తిరిగొచ్చిన్రా? చీఫ్ ఇంజనీరు కొడుకు పుట్టిన తారీఖు కూడ పుస్తకాల్ల దొరుకుతది. మన తాతలకు పుట్టిన ఏడు సుత లేదు. ఊరు, ఇంటిపేరు, విన్నది విన్నట్టు రాసి పంపున్రి. తప్పులున్నా ఫికర్ లేదు, మేము దిద్దుకుంటం. వచ్చే సంచిక నుంచి అచ్చేస్తం.